మార్గరెట్ క్యాచ్‌పోల్: నవలయు, జాబులును

1845వ సంవత్సరమున లండను నగరమునఁ బ్రకటింపఁబడిన యొక నవల ఆంగ్లపాఠకులకుఁ జిరకాలము ప్రీతిపాత్రమై యుండెను. దానికి సఫోకు మండలపుఁ బడుచు మార్గరెట్ క్యాచ్‌పోల్ చరిత్రమని పేరు. కర్త వోర్థము గ్రామమున మతాచార్యుఁడుగా నుండిన రిచర్డు కాబోల్డు. ఒక పేద పనికత్తె గుఱ్ఱమును దొంగిలించి, రెండుమాఱులు మరణదండనకుఁ బాత్రురాలై, రెండుమాఱులు నది తప్పి, తుదకు ద్వీపాంతరమునకుఁ బంపఁబడుట యిందలి వస్తువు. కాబోల్డు దీనిని గల్పితకథ యనక యథార్థ చరిత్రమని చెప్పుకొనెను. ఆ మాటను నమ్మినవారు పెక్కురు. నాటకశాలలవారు దీని నాడిరి. 1911లో ఆస్ట్రేలియాలో రేమండు లాంగ్‌ఫర్డు మూకచిత్రముగాఁ దీసెను. అయినను మార్గరెట్టు తన చేతితో వ్రాసిన జాబులు కొన్ని నేఁటికిని నిలిచి యున్నవి. ద్వీపాంతరశిక్ష పొందిన స్త్రీల స్వహస్తలేఖలు మిక్కిలి యరుదు. వానితో సరిచూచినఁగాని యీ నవల గుణదోషములు తేలవు.

నిర్ణీతమైన చరిత్రాంశము లివి. మార్గరెట్టు 1762వ సంవత్సరము మార్చి 14వ తేదీని సఫోకులోని నాక్టను ప్రాంతమున జన్మించెను. పెక్కిండ్లలో దాస్యము చేసి, 1793లో ఇప్స్‌విచ్ పట్టణపు మద్యవర్తకుఁడు జాను కాబోల్డు నింటఁ బిల్లలను జూచుటకును వంటపనికిని గుదిరెను. ఆ యింటి యిల్లాలు ఎలిజబెత్తు కాబోల్డు కవయిత్రి. మార్గరెట్టు చదువను వ్రాయను నేర్చినది యా యింటనే. తన రక్షణమునందలి పిల్లల ప్రాణములను మూఁడుమాఱులు గాపాడినదని ప్రసిద్ధి. 1795లో నా కొలువు విడిచెను. పిదప వ్యాధియు, పని లేమియు నామెను బీడించెను. 1797 మే 23వ తేదీ రాత్రి పూర్వపు యజమానుని బండిగుఱ్ఱమును దొంగిలించి, డెబ్బదిమైళ్ల దూరమును బదిగంటలలో స్వారిచేసి లండను చేరి పట్టువడెను. నేరము నొప్పుకొనెను. ఆనాఁటి యాంగ్లధర్మశాసనమున గుఱ్ఱపు దొంగకు ఉరిశిక్ష. 1832 దాఁక నా శాసనము మాఱలేదు. దండనము తగ్గి యేడేండ్ల ద్వీపాంతరవాసమైనది. ఇప్స్‌విచ్ చెఱసాలలోఁ గొన్నియేండ్లు గడపి, 1800 మార్చి 25వ తేదీని బట్టలారవేయు త్రాటి సాయమున నిరువదిరెండడుగుల గోడ నెక్కి పాఱిపోయెను. మరల దొరకెను, మరల మరణదండనము, మరల నది తగ్గి యావజ్జీవ ద్వీపాంతరవాసము. నైల్ అను నౌకపై 1801 డిసెంబరున సిడ్నీ చేరెను. అప్పటి కామె వయస్సు ముప్పదితొమ్మిది.

1788 మొదలు 1868 వఱకు బ్రిటనువా రాస్ట్రేలియాకుఁ బంపిన శిక్షితులు సుమారు 1,62,000 మంది. అందు స్త్రీలు సుమారు 25,000. వీరిలోఁ బెక్కురను గూర్చి నౌకాపట్టికలయందలి పేరును, నేరమును, శిక్షాకాలమును దప్ప మఱేమియుఁ దెలియదు. ఒకతె మాత్రము నవలానాయిక యయ్యెను. ఆ భాగ్యమునకుఁ గారణ మామె గుణములు గావు. ఆమె దొంగిలించిన గుఱ్ఱము కాబోల్డువారిది. గుఱ్ఱము గోల్పోయినవాని కుమారుఁడే దొంగకుఁ జరిత్రకారుఁడైనాఁడు. రిచర్డు పుట్టినది 1797లో, దొంగతనము జరిగిన యేఁటనే. మార్గరెట్టు వారి కొలువు విడిచి యప్పటికి రెండేండ్లు. కాఁబట్టి యామె దాస్యమునుగాని నేరమునుగాని యతఁడు కన్నులారఁ జూచియుండుటకు వీలులేదు.

నవలలోని కథ వేఱు. అందు మార్గరెట్టు 1773లోఁ బుట్టినది. ఆమె విలియం లాడ్ అను దొంగసరకుల నావికుని వలచును. గుఱ్ఱమును దొంగిలించుట వానిని గలసికొనుటకే; చెఱసాల గోడ దాఁటుటయు వానికొఱకే; వాఁడు సముద్రతీరమున నామె కన్నులయెదుట గుండుదెబ్బకుఁ గూలును. జాను బారీ యను సచ్ఛీలుఁ డాదినుండియు నామెను బ్రేమించి, తిరస్కృతుఁడై, ముందే న్యూ సౌత్ వేల్సు చేరి సంపన్నుఁడై యుండును. మార్గరెట్టు పశ్చాత్తాపము నొంది 1812లో నాతనిని బెండ్లాడి, సుఖించి, 1841లో మరణించును. లాడ్ ప్రేమకథకు నమ్మదగిన యాధారము గలదా యని చరిత్రపరిశోధకులు సందేహించుచునే యున్నారు. పెండ్లికిఁ జివరి యేఁటికిని మాత్రము సందేహ మక్కఱలేదు. ఆమె పెండ్లాడనే లేదు. 1819 మే 13వ తేదీని మరణించెను.

జన్మవత్సరమును బదునొకండేండ్లు ముందునకుఁ ద్రోయుట చిన్నమార్పుగాఁ గనఁబడును గాని నవలయంతయు దానిపైననే నిలిచియున్నది. దొంగతనమునాఁటికి మార్గరెట్టు వయస్సు నిజమునకు ముప్పదియైదు. పనిలేక, జబ్బుపడి, బంధువుల యిండ్ల గడపలు త్రొక్కుచుండిన ముప్పదియైదేండ్ల దాసి. నవలలో నామె యిరువదినాలుగేండ్ల ముగ్ధ. తొలి యామె నేరమునకు హేతువును వెదకుచో ఇప్స్‌విచ్ పట్టణపు దాసీజనుల బ్రదుకుఁదెరువును విచారింపవలసివచ్చును. కొలువు విడిచిన పిదప నామె యేమి తిని బ్రదికెనని యడుగవలసివచ్చును. రెండవ యామె నేరమునకు శృంగారమే చాలును.

వస్తువును గవి మార్పవచ్చునా యను ప్రశ్నము ఆలంకారికులకుఁ గ్రొత్తది గాదు. ఇతివృత్తము రసమునకుఁ బ్రతికూలమైనపుడు దానిని విడిచి యనుకూలమగు కథను గల్పించుకొనుట కవికి యుక్తమనియు, జరిగినదానిని జరిగినట్లు చెప్పుట యితిహాసముననే సిద్ధించుననియు ధ్వన్యాలోకకర్త యొప్పుకొనెను. కాళిదాసు దుర్వాసశ్శాపమును గల్పించి దుష్యంతుని మఱపునకు హేతువు చూపినాఁడు. భారతమున నది లేదు. ప్రఖ్యాతోత్పాద్యముల మేళవింపగు మిశ్రకథను భట్టుమూర్తి వసుచరిత్రావతారికయందు సానపట్టిన జాతిరత్నముతోఁ బోల్చియున్నాఁడు. ఈ న్యాయమునఁ గాబోల్డును సమర్థింపఁ జూచుట సులభము. కాని కాళిదాసు తన నాటకమునే యథార్థమని సాక్ష్యము పలుకలేదు. కాబోల్డు పలికెను. చరిత్రకారునికిఁ జెల్లు గౌరవమును గోరినవాఁడు కవికిఁ జెల్లు స్వాతంత్ర్యమును గూడఁ గోరరాదు. ఇఁక మిశ్రకథ మాట: సానపట్టుట వేఱు, రత్నమును దీసి యాచోట గాజుపూసను బొదుగుట వేఱు.

అంతకంటె విచారింపఁదగిన దొకటి గలదు. కాబోల్డు చేసిన మార్పులన్నియు నొకవైపునకే మొగ్గినవి. యజమానురాలి యౌదార్యము పెరుగును, పేదఱికము మఱుగుపడును, పాపమునకుఁ బ్రియుఁడును, పుణ్యమునకు భర్తయుఁ గారకు లగుదురు. నాయిక తానై చేసినది పశ్చాత్తాప మొక్కటే. తల్లిపై రచయితకుఁ గల భక్తి మెచ్చఁదగినదే. ఎలిజబెత్తు దయామయి యనుటయు నబద్ధము గాకపోవచ్చును. తన గుఱ్ఱమును దొంగిలించిన దాసికి సముద్రముల కావలనుండి జాబు వ్రాయు చనువు మిగిల్చిన యిల్లాలు సామాన్యురాలు గాదు. కాని యా దయను వెలిగించుటకై దాసి బ్రదుకును జీఁకటి చేయుట యౌచిత్యమనిపించుకొనదు.

జాబులను జూచినచో వేఱొకస్త్రీ యెదురగును. సిడ్నీ చేరిన క్రొత్తలో వ్రాసిన దానియందు, ఆ దేశము తాననుకొన్నదానికంటె నింగ్లండునే యెక్కువగాఁ బోలియున్నదని యాశ్చర్యపడును. తోఁటలలో నేమేమి కాయగూరలు పండునో, ఏ పండ్లు దొరకవో లెక్కించును. వంటమనిషి కన్నులతోఁ జూచిన ఖండాంతర మది. దుర్నీతిలో నంతటి చోటు తా నెన్నఁడు నెఱుఁగనని కూడ వ్రాయును. మెచ్చికోలును నసహ్యమును నామెకడఁ బ్రక్కప్రక్కనే నిలుచును. ఒకదాని నొకటి త్రోసికొనదు. వలసరాజ్యపు సరకులయధికారి జాను పామరు నింట వంటకత్తెయై, తరువాత నైల్ నౌకపైననే స్వేచ్ఛావాసులుగా వచ్చిన రౌజు కుటుంబమువారి పొలముపై నజమాయిషీ చేసి, హాక్స్‌బరీ నదీప్రాంతమున మంత్రసానియై పేరొందెను. 1806 మార్చిలో నా నది పొంగి ధాన్యపురాసులను గొట్టుకొనిపోయి వలసరాజ్యమంతటను గఱవు గలిగించెను. ఆ వెల్లువను గూర్చిన యామె లేఖ యాకాలచరిత్రమునకు నాధారములలో నొకటి.

1811లో వ్రాసిన జాబు యీ విషయమునఁ బ్రధానము. అందు దాను బదునైదెకరముల చిన్నపొలమును గౌలుకుఁ దీసికొన్నట్లును, అందు సగము చెట్లతో నిండియున్నట్లును, విత్తుటకుఁ గూలివారిని బెట్టినను దానే మిక్కిలి పాటుపడుచున్నట్లును జెప్పును. ముప్పదిగొఱ్ఱెలు, నలువదిమేకలు, ముప్పదిపందులు, రెండుకుక్కలు. ఇంట మఱియెవ్వరు లేనందున నా కుక్కలే తన్నుఁ గాచుచున్నవఁట. ఇది నవలలోని పెండ్లికి సరిగా నొకయేఁడు ముందటి మాట. కాబోల్డు బారీని బ్రవేశపెట్టిన చోట నిజముగా నుండినవి రెండుకుక్కలు. ఏబదియేండ్లకుఁ జేరువయై, యొంటరియై, కౌలుపొలమున మేకలను లెక్కపెట్టుకొను నామెయందు వీరమను స్థాయి యేల కనఁబడదో, ధనవంతుఁడగు భర్త వచ్చినఁగాని యామె కథ యేల ముగియదో యా నవలాకారునే యడుగవలెను.

జాబులు నిర్దోషములని తలంపరాదు. తాను నివసించిన భూమి ధారుగులను నాదిమజాతివారిదని యామెకుఁ దోఁపదు. వారిని గూర్చి పలికినపుడు వలసదారులందఱివలెనే భయముతోను జులుకనతోను బలుకును. శిక్షపడి వచ్చినది యగుటచే నితరుల కష్టమున కామె కన్నులు తెఱచుకొన్నవనుట సాహసము. కాని యా లోపము సైత మామెదే. ఒకరు దిద్ది చేర్చినది గాదు.

భామహుఁడు నాయకుఁడు స్వవృత్తమును దానే చెప్పిన రచన నాఖ్యాయిక యనియు, అన్యులు చెప్పినదానిని గథ యనియు విభజించెను. వక్త యెవరైన నేమని దండి యా భేదమును ద్రోసిపుచ్చెను. ఆంధ్రులు దండికే యెక్కువ చెవి యొగ్గినవారు. కేతన యభినవదండి బిరుదము వహించినాఁడు గదా. అయినను నీయెడ భామహుని విభాగమే యుపకరించును. చెప్పువారు మాఱినంతనే పుట్టినయేఁడును, నేరహేతువును, వైవాహికస్థితియు, మరణసంవత్సరమును మాఱినవి.

భాషావిషయము పండితులకు మఱింత యాసక్తికరము. మార్గరెట్టు వ్రాఁతలో విరామచిహ్నములు లేవు. మాట చెవికెట్లు వినఁబడునో వర్ణక్రమ మట్లే యుండును. సఫోకు పల్లెపలుకుబడి యక్షరములలో నిలిచియున్నది. నవలలోఁ జేర్చిన జాబులో, వ్యాకరణశుద్ధములై చక్కని వాక్యములతో నడచును. తాళపత్రప్రతులను బరిష్కరించువారికి లేఖకప్రమాదమును దిద్దుటయుఁ, గవిప్రయోగమును దిద్దుటయు నొకటిగావని తెలియును. ఇచట లేఖకురాలే కర్త. ఆమె తప్పును దిద్దుటతోనే యామె గొంతుక పోయినది. విరామములేక సాగు నా వ్రాఁతలో వెల్లువ వార్తయు, బంధువుల క్షేమమును, మేకల లెక్కయు నొకయూపిరిలో వచ్చును. ఖండించి వాక్యములు చేసినపుడు వార్తలు మిగులును, ఊపిరి మిగులదు.

కాబోల్డు నవలకు గుణములు లేవనరాదు. ఓర్వెల్ నదీముఖమును, దొంగసరకులు దించు రాత్రులను, తీరరక్షకుల కాపలాను వర్ణించుటలో నతఁడు నేర్పరి. ఆ భాగములు నేఁటికిని జదివింపఁగలవు. చిక్కు తెచ్చినది సత్యప్రతిజ్ఞయే. సంపన్నురాలగు విధవగా నామెను జిత్రించుటచే, 1792లో సిడ్నీ చేరి వర్తకమున ధనమార్జించిన మేరీ రీబీయే యీమె యని కొందఱు భ్రమించిరి. రీబీయు గుఱ్ఱపు దొంగతనమునకే శిక్షపడినది. 1994 నుండి ఆస్ట్రేలియావారి యిరువదిడాలర్ల నోటుపై నున్న బొమ్మ యా రీబీదే, మార్గరెట్టుది గాదు.

1814 జనవరి 31వ తేదీని మార్గరెట్టునకు క్షమాపణము లభించెను. ఇంగ్లండునకు మరలిపోవుటకు స్వేచ్ఛ వచ్చినను బోలేదు. అయిదేండ్ల పిదప నొక గొఱ్ఱెలకాపరికి శైత్యజ్వరము రాఁగా నుపచారము చేయుచు నా వ్యాధియే తనకు సోఁకి మరణించెను. రిచ్మండు దేవాలయపు శ్మశానభూమియం దామెను బూడ్చిరి. నవలలో నామె కింకను నిరువదిరెండేండ్ల యాయువు గలదు.

ఎవరైన నీ చరిత్రమును దెనిఁగింపఁబూనినచోఁ, బాఠశాలలవారు కోరునది నవలయే కావచ్చును. అందుఁ గథ గలదు, నీతి గలదు. జాబులను దెనిఁగించుట కష్టతరము. ఆ చుక్కలులేని వ్రాఁతను బాలవ్యాకరణమునకు లొంగదీసినచోఁ గాబోల్డు చేసినపనియే మరలఁ జేసినట్లగును. గోదావరి లంకలలోఁ గౌలుకు దున్ను నొంటరి స్త్రీ తన యక్కకు వ్రాయించు జాబులోని పలుకుబడి, యా 1811వ సంవత్సరపు లేఖకు బహుశః సరిపడును. ముందుగా నా యొక్కలేఖతోఁ బ్రారంభించుట మేలు.