భూతం లేని భయం

1949లో పుట్టిన నవలా, ‘ఎర్త్ అబైడ్స్’, నీకు దండం.

నిన్ను రాసినవాడు దెయ్యాల కథకుడు కాదు. బర్క్‌లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే ప్రొఫెసరు, జార్జ్ ఆర్. స్టీవర్ట్. తుఫాను మీద ఒక నవల, ఊళ్ళ పేర్ల మీద ఒక పుస్తకం రాసుకున్న పెద్దమనిషి. లోకాన్ని ఎంత నిమ్మళంగా ఖాళీ చేశాడు! కొండల్లో నీ కథానాయకుడు ఇష్‌ను పాము కరిచింది. అతను తేరుకుని కిందికి దిగేసరికి మహమ్మారి తన పని కానిచ్చుకుని పోయింది. యుద్ధం లేదు, హాహాకారాలు లేవు.

నీ చీమల పేజీలకు మొక్కుతాను. ఊడ్చేవాళ్ళు లేని ఇళ్ళలో చీమలు బారులు తీరాయి, ఉన్నట్టుండి మాయమయ్యాయి. తర్వాత ఎలుకల రాజ్యం. తిండి తరిగాక అవీ రాలిపోయాయి. నీ దీపాలకు ఇంకా వంగి మొక్కుతాను. మనిషి చెయ్యి వేయకపోయినా నెలల తరబడి కరెంటు వస్తూనే ఉంది, వీధి దీపాలు ఎవరి కోసమో వెలుగుతూనే ఉన్నాయి. ఆరడం కూడా ఒక్కసారిగా కాదు, మసకబారి మసకబారి.

ఆ మసకలోకి స్టీఫెన్ కింగ్ వచ్చాడు. యూటాలో సైన్యం ప్రయోగాల దగ్గర గొర్రెలు మందలు మందలుగా చచ్చిన వార్త ఒక పక్క, నువ్వు ఒక పక్క అతన్ని కథ వైపు నెట్టారు. 1978లో అతని మహమ్మారి నవల ‘ద స్టాండ్’ వచ్చింది. నీ రుణం అతను దాచుకోలేదు, భయం కథల మీద రాసిన ‘డాన్స్ మకాబర్’లో ఒప్పుకున్నాడు. నీ ఇష్ కారేసుకుని దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగిన ఖాళీ రోడ్లనే అతను శవాల కార్లతో నింపాడు. న్యూయార్క్‌లో లింకన్ టన్నెల్, కటిక చీకటి, అతని పాత్ర లారీ అండర్‌వుడ్ చేతిలో ఒక్క లైటర్, కాలి కింద ఏదో మెత్తగా. అబ్బ, ఆ అధ్యాయం పగటిపూట చదవండి.

తర్వాత కింగ్ ఎందుకో ఆగలేకపోయాడు. బౌల్డర్‌లో బతికి మిగిలినవాళ్ళతో కమిటీలు వేశాడు, కరెంటు తెప్పించాడు, లాస్ వేగస్‌లో ఫ్లాగ్ అనే సైతానును కూర్చోబెట్టాడు. నువ్వు అవేవీ చేయలేదు. యూనివర్సిటీ లైబ్రరీని ఇష్ గుడిలా కాపాడుకున్నాడు, తెరిచి చదివేవాడే రాలేదు. చదువు అబ్బిన ఒక్క కొడుకు జోయీ టైఫాయిడ్‌తో పోయాడు. మిగిలిన సంతానం పాత నాణేలను సుత్తితో సాగగొట్టి బాణాలకు ములుకులు చేసుకున్నారు, హాయిగా వేటకు పోయారు. పోయిన నాగరికత కోసం ఎవరూ ఏడవలేదు.

కింగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1990లో, తీసేసిన పేజీలు తిరిగి చేర్చాక, ‘ద స్టాండ్’ వెయ్యి పేజీలు దాటింది. అందులో ఫ్లాగ్ కనిపించినప్పుడల్లా నాకు కాస్త ధైర్యం వస్తుంది, తిట్టుకోవడానికి ఒకడు దొరికాడని. నీలో ఆ ఒక్కడు కూడా లేడు.