పడవ, రైలు, కారు: తణుకు ప్రాంత కథకుల రచనల్లో గ్రామీణ జీవన పరిణామం

ఉపోద్ఘాతం

గ్రామీణ జీవన పరిణామాన్ని వ్యవసాయం, కులవృత్తులు, వలసలు అనే అంశాల ఆధారంగా పరిశీలించడం పరిపాటి. ప్రయాణ సాధనం కూడా అంతటి ముఖ్యమైన ఆధారమని తణుకు ప్రాంతం నుంచి వచ్చిన ఇద్దరు కథకుల రచనలు నిరూపిస్తాయి. పాలగుమ్మి పద్మరాజు (1915–1983) అత్తిలి సమీపంలోని తిరుపతిపురంలోను, దేవరకొండ బాలగంగాధర తిలక్ (1921–1966) తణుకు సమీపంలోని మండపాకలోను జన్మించారు. పద్మరాజు ‘పడవ ప్రయాణం’, ‘గాలివాన’, తిలక్ ‘నల్లజర్ల రోడ్డు’ కథల్లో వాహనాలు వేరైనా సన్నివేశం ఒక్కటే: చదువుకున్న ప్రయాణికుడు రాత్రివేళ ఒక నిరుపేద స్త్రీకి ఎదురుపడతాడు.

కాలువ

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు సాగునీటితోపాటు జలమార్గాలను కూడా ఇచ్చింది. ధాన్యం, మనుషులు ఒకే పడవలో ప్రయాణించేవారు. ‘పడవ ప్రయాణం’లో ఆ మందగమనమే కథకు ఆధారం. పద్దాలు సరుకు దొంగిలించి మాయమవుతాడు. పట్టుబడిన రంగి తన బతుకును తానే చెప్పుకుంటుంది. వినేవాడికి తప్పించుకుపోయే దారి లేదు.

రైలు, రోడ్డు

1952లో ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ‘గాలివాన’లో రావుగారికి రైలుపెట్టెలో బిచ్చగత్తె కేవలం చిరాకు. తుపాను ఆయనను చిన్న స్టేషనులో నిలిపివేశాకే ఆమె మనిషిగా కనిపిస్తుంది. ‘నల్లజర్ల రోడ్డు’లో ఈ దూరం మరింత పెరిగింది. అడవిదారిలో కారు ఆగి, ఒకరు పాముకాటుకు గురైతే తప్ప, గుడిసెలోని ముసలివాడు, అతని కూతురు ఆ ప్రయాణికుల లోకంలోకి రారు. పడవలో సహజంగా జరిగిన కలయికకు రైలులో ప్రకృతి వైపరీత్యం, కారులో ప్రాణాపాయం అవసరమయ్యాయి.

విమర్శ

దీన్నిబట్టి పడవల కాలాన్ని స్వర్ణయుగంగా భావించడం పొరపాటు. రంగి దెబ్బలు తిన్న స్త్రీ. సరుకు యజమాని దృష్టిలో నేరస్థురాలు. పల్లెల్లో ఒకప్పుడు అందరూ కలిసిమెలిసి ఉండేవారన్న వాదానికి ఈ కథలు మద్దతివ్వవు. కాలువ నుంచి రోడ్డుకు మారేసరికి పోయినది సమానత్వం కాదు. అది మొదటే లేదు. అసమానతను ముఖాముఖి చూడక తప్పని సందర్భాలు మాత్రమే తగ్గాయి. అయితే మూడు కథల్లోనూ చూపు ప్రయాణికుడిదే. ఆ స్త్రీల బతుకు అతని ఆత్మపరిశీలనకు సాధనమవుతుంది. ‘పడవ ప్రయాణం’లో అతడు వెళ్లిపోయాక రంగి ఎలా బతికిందన్నది కథ పరిధిలోకి రాదు. ఈ పరిమితిని గుర్తించకుండా వీటిని గ్రామీణ పేదల చరిత్రగా స్వీకరించలేం.

ముగింపు

ఈ కథల్లో వాహనవేగం పెరిగిన కొద్దీ పల్లె దగ్గర కాలేదు. కిటికీ బయటి దృశ్యంగా మారింది. గ్రామీణ పరిణామాన్ని అధ్యయనం చేసేవారు ఏ సౌకర్యం వచ్చిందన్న ప్రశ్నతో ఆగక, ఆ సౌకర్యం ఎవరి మాట ఎవరికి వినబడకుండా చేసిందో కూడా పరిశీలించాలి.