కిరణం మన చేతిలో, కత్తెర కణం చేతిలో

‘‘గాలి పీల్చండి... బిగబట్టండి... ఇక వదలండి.’’ లివర్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే గదిలో రోజంతా ఇదే పాట. ఊపిరి తీసుకున్నప్పుడల్లా కాలేయం సెంటీమీటరో, ఇంకాస్త ఎక్కువో కిందికి జారుతుంది. దాన్ని నిలిపి, కిరణం గడ్డ మీదే పడేలా చూడడం మా పనిలో సగం. ఈ గురి మిల్లీమీటర్ల దాకా వచ్చింది. అక్కడ నాకు పేచీ లేదు.

పేచీ అంతా తర్వాతే. ఇద్దరికీ గడ్డ సైజు ఒకటే, డోసూ ఒకటే. ఒకరికి కరిగిపోతుంది, ఇంకొకరికి కొన్ని నెలలకే స్కాన్‌లో మళ్లీ పెరిగి కనిపిస్తుంది. రేడియేషన్ డీఎన్ఏ పోగుల్ని తెంపుతుంది, అంతే. తెగాక చావడమా, అతుకు వేసుకుని బతకడమా అన్నది కణం ఇష్టం.

ఆ ఇష్టంలో ఆర్ఎన్ఏ స్ప్లైసింగ్‌కూ వాటా ఉంది. జన్యువు నుంచి తీసిన ఆర్ఎన్ఏ నకలును కణం ఉన్నదున్నట్టు వాడదు. కొన్ని ముక్కలు కోసి పారేసి మిగతావి అతుకుతుంది. 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్‌లో ఈ సంగతి పట్టుకున్నాయి. 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. షూటింగ్ చేసిన ఫుటేజీ ఒక్కటే అయినా ఎడిటర్ కోతను బట్టి సినిమా మారిపోయినట్టు, ఒకే జన్యువు నుంచి వేర్వేరు ప్రొటీన్లు పుడతాయి. బీసీఎల్-ఎక్స్ జన్యువునే చూడండి. దాని పొడుగు రకం ప్రొటీన్ కణాన్ని చావకుండా కాస్తుంది, పొట్టి రకం చావు వైపు నెడుతుంది. కొందరి కాలేయ గడ్డల్లో పొడుగుదే పైచేయి. ఆ కణాలు డీఎన్ఏ తెగినా ఒక పట్టాన చావవు. కోత మారడానికి ఆ జన్యువులో అక్షరం మారక్కర్లేదు కాబట్టి, డీఎన్ఏ రిపోర్టును ఎంత తిరగేసినా ఈ తేడా దొరక్కపోవచ్చు. చదవాల్సింది ఆర్ఎన్ఏను.

ఈ కోతను మందుతో మళ్లించవచ్చని కండరాలు క్షీణించే జన్యువ్యాధి ఎస్ఎంఏ ఉన్న పిల్లలకు ఇచ్చే నూసినెర్సెన్ ఇప్పటికే రుజువు చేసింది. అమెరికా దానికి 2016లో అనుమతిచ్చింది. లివర్ క్యాన్సర్ వైద్యం ఇంకా అంత దూరం రాలేదు. కాబట్టి ‘మీ స్ప్లైసింగ్ చూసి రేడియేషన్ పనిచేస్తుందో లేదో చెప్పేస్తాం’ అని ఎవరైనా పరీక్ష అంటగడితే డబ్బు పెట్టకండి. గడ్డ ఎంతుంది, పోర్టల్ సిరలోకి పాకిందా, మిగతా కాలేయం ఎంత గట్టిగా ఉంది... ఇవాళ మేం ప్రధానంగా చూసేవి ఇవే.

అసలు ఈ గడ్డల్లో చాలావాటికి మూలం హెపటైటిస్-బి. దాని టీకాను 1997లోనే మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. సర్కారు దవాఖానాల్లో పసిపిల్లలకు ఉచితంగా వేస్తారు. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు పడిందో లేదో టీకా కార్డులో చూసుకోండి.