ఫార్మాట్ కొట్టకుండా బూట్ చేయించే పనితనం

పాత డిస్కులోని లినక్స్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలోకి ఎత్తాక తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అని పడి ఆగిపోతే చాలామందికి గుండె జారుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళకు హుషారు పుట్టేది సరిగ్గా అక్కడే. ఎక్కడ ఆగిందో చూసి జబ్బేమిటో చెప్పేస్తారు. నాడి పట్టిన వైద్యుడికి ఏమాత్రం తీసిపోరు!

రెస్క్యూ దగ్గర ఆగిందంటే బూట్‌లోడర్ గ్రబ్ మొదటి ముక్క లేచి, మిగతా ఫైళ్ళు దొరక్క నిలబడిందన్నమాట. ‘ఎల్‌ఎస్’ కొడితే పార్టిషన్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కటే తెరిచి, గ్రబ్ ఫోల్డరు ఎందులో ఉందో పట్టుకుని, ప్రిఫిక్స్‌ను అటు తిప్పి, ‘ఇన్‌స్‌మాడ్ నార్మల్’, ఆ వెంటనే ‘నార్మల్’ కొడతారు. మెనూ ప్రత్యక్షం! ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

కెర్నల్ కూడా లేచి ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ దగ్గర చతికిలబడితే రూట్ పార్టిషన్ గుర్తింపు సంఖ్య (యూయూఐడీ) మారి ఉంటుంది, లేదా కొత్త ఎన్‌వీఎంఈ డిస్కు డ్రైవరు ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజిలో ఉండదు. ఇంకాస్త ముందుకెళ్ళి ‘స్టార్ట్ జాబ్’ అంటూ 90 సెకన్లు లెక్కపెడుతుంటే ముందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరవాలి, పాత యూయూఐడీ అందులో అలాగే ఉండిపోయి ఉంటుంది.

అసలు సొగసంతా సీహెచ్‌రూట్‌లో ఉంది. లైవ్ యూఎస్‌బీతో మెషీన్ లేపి, కొత్త డిస్కును మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్‌లను బైండ్ చేసి లోపలికి దిగుతారు. లేవనని మొరాయించిన సిస్టమ్‌లోనే కూర్చుని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను, గ్రబ్‌ను మళ్ళీ కట్టేస్తారు. యూఈఎఫ్‌ఐ మెషీన్లలో బూట్ ఎంట్రీ ఉండేది మదర్‌బోర్డు మెమరీలో కాబట్టి దాన్నీ కొత్తగా రాయిస్తారు. డీడీ కమాండుతో అచ్చు గుద్దినట్టు కాపీ తీస్తే రెండు డిస్కులకూ ఒకే యూయూఐడీ వచ్చిపడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు మొదటి బూట్‌కు ముందే పాత డిస్కు కేబుల్ పీకేస్తారు.

1995లో గ్రబ్ మొదలుపెట్టిన ఎరిక్ బోలిన్‌కు దండం పెట్టాలి. అప్పటి బూట్‌లోడర్ లిలో, కెర్నల్ ఏ సెక్టార్లలో ఉందో అంకెలు రాసి పెట్టుకునేది. డిస్కు మారిందా, ఆ అంకెలన్నీ తప్పే. గ్రబ్ ఫైల్ సిస్టమ్‌ను తానే చదువుకుంటుంది. ఎంబీఆర్‌లో కోడుకు దక్కే 446 బైట్ల నుంచి మొదలై ఇంత ఘనకార్యం! క్లాస్ క్నాపర్ 2000లో తెచ్చిన నాపిక్స్ లైవ్ సీడీ ఎన్ని మెషీన్లకు ప్రాణం పోసిందో!

ఇంత విద్య ఉండగా సర్వీసు షాపులో వినిపించే మాట ఒక్కటే: “ఫార్మాట్ కొట్టేద్దాం సార్.” ఒళ్ళు మండిపోతుంది. ఫైళ్ళన్నీ పదిలంగా ఉన్నాయి, తప్పున్నది ఒక్క లైనులో. దానికి డిస్కంతా తుడిచేస్తారా? ఒక్క క్లిక్కుతో బాగుచేస్తామనే టూల్స్ మీదా నాకు నమ్మకం లేదు. ఏ డిస్కు మీద ఏం రాస్తున్నాయో మనిషికి తెలియకపోతే అదేం రిపేరు?

ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబ్ ఇన్‌చార్జులకు నా విన్నపం. మూల పడేసిన రెండు డిస్కులు పిల్లల చేతికివ్వండి. ఆర్‌సింక్‌తో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి లినక్స్‌ను ఎత్తమనండి. బూట్ కాకపోతే మీరు చెయ్యి పెట్టకండి, పక్కన కూర్చోండి. లాగిన్ తెర వచ్చాకే మార్కులు వేయండి.