గోధుమ కంకి, దొంగిలించిన చేప

జపాన్ వాళ్ళు ‘మాంగా’ అని పిలుచుకునే బొమ్మల కథల మీద విమర్శవ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. బొమ్మల కథలు పిల్లల కాలక్షేపమనీ, సాహిత్య విమర్శకు వాటితో పనిలేదనీ వారి అభిప్రాయం. ఒకప్పుడు నా అభిప్రాయమూ అదే. కాని మా విద్యార్థులు వీటిని విరివిగా చదువుతున్నారు. వాళ్ళు చదివేదేమిటో తెలుసుకోకుండా వాళ్ళ అభిరుచిని ఖండించటం ఉపాధ్యాయుడికి తగదనిపించి నేనూ చదివాను. ఒక విషయం నా దృష్టిని ఆకట్టుకున్నది. ఈ కథల్లో మనుషులు అస్తమానం తింటూనో, తిండికోసం వెతుక్కుంటూనో వుంటారు. తిండి అక్కడ మళ్ళీ మళ్ళీ తలెత్తే ప్రతీక. ఆ ప్రతీక ఏ రచనలో ఎవరి పక్షాన నిలబడి ఏ పని చేస్తున్నదన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు నకజవా కేజి రాసి, బొమ్మలు వేసిన ‘హదషి నో గెన్’ గీటురాయి వంటిది. ‘చెప్పుల్లేని గెన్’ అని అర్థం. నకజవా 1939లో హిరోషిమాలో పుట్టాడు, 2012లో చనిపోయాడు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడేనాటికి అతను ఆరేళ్ళవాడు. తండ్రి, అక్క, తమ్ముడు ఆనాడే పోయారు. తల్లి ఆరోజే ప్రసవించిన ఆడశిశువు కొద్ది నెలలకే కన్నుమూసింది. ఈ అనుభవమే కథకు మూలధాతువు. 1973లో ‘షోనెన్ జంప్’ అనే పిల్లల వారపత్రికలో మొదలైన ఈ కథ తరవాత చేతులు మారి, జపాన్ కమ్యూనిస్టు పార్టీ సాంస్కృతిక పత్రికలోనూ, ఉపాధ్యాయుల సంఘం పత్రికలోనూ సాగింది. ఉపాధ్యాయులమైన మనం ఈ విషయం గుర్తుంచుకోవాలి.

గెన్ కథను అణుబాంబు కథ అంటారు. నిజమే. కాని బాంబు పడకముందే ఆ యింట్లో ఆకలి పడివున్నది. 1941లో జపాన్ మహానగరాల్లో బియ్యానికి రేషన్ పెట్టినప్పుడు మనిషికి రోజుకి 330 గ్రాములు. 1945 వేసవికి అదికూడా తగ్గింది. బియ్యానికి బదులు చిలగడదుంపలూ, సోయా పిండీ యిచ్చేవారు. కొరియా, తైవాన్ రైతుల ధాన్యాన్ని తరలించుకుపోయిన సామ్రాజ్యం చివరికి తన సొంత పిల్లలకే అన్నం పెట్టలేకపోయింది. గెన్, అతని తమ్ముడు షింజీ దుంపముక్క కోసం కొట్టుకుంటారు. అది చూసి మొదట నవ్వు వస్తుంది. కొన్ని పుటలు తిరిగేసరికి ఆ నవ్వినందుకు సిగ్గువేస్తుంది. యుద్ధమంటే యుద్ధరంగంలో జరిగేది మాత్రమే కాదనీ, అది కంచంలో కూడా జరుగుతుందనీ రచయిత ఉపన్యాసం లేకుండా చెప్పాడు.

ఈ రచనలో తిండి రెండు రూపాల్లో ప్రతీక అవుతుంది. మొదటిది గోధుమ. యుద్ధాన్ని వ్యతిరేకించి దేశద్రోహి అనిపించుకున్న తండ్రి, చలిలో ఎంత తొక్కినా బలంగా వేళ్ళూని నిటారుగా ఎదిగే గోధుమ మొక్కలా బతకమని పిల్లలకు చెబుతాడు. ఆ మాట కథ పొడుగునా గెన్ వెంట నడుస్తుంది. రెండవది చేప. గర్భవతి అయిన తల్లి నీరసించిపోతూంటే, ఆమెకు బలమైన తిండి పెట్టాలని గెన్, షింజీ ఒక యింటి కొలనులోని కార్పు చేపను దొంగిలించబోతారు. గోధుమ ఓర్చుకోమంటుంది. చేప ఓర్చుకోవటానికి ఒక హద్దుందంటుంది. ఈ రెండింటి మధ్య ఘర్షణలోనే గెన్ వ్యక్తిత్వం రూపొందింది. ఓర్పు ఒక్కటే అయితే ఈ కథ ఏ పాలకుడికైనా నచ్చే నీతికథగా మిగిలేది.

నకజవా గీత మొరటుదనీ, అతని పాత్రలు అతిగా ఏడుస్తాయనీ, అతిగా అరుస్తాయనీ కొందరంటారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కాని అతని శిల్పంలో గమనించవలసిందొకటి వున్నది. అతను పళ్ళెం కంటే తినేవాళ్ళ ముఖాల మీద ఎక్కువ శ్రద్ధ పెడతాడు. అన్నం ఎంత బాగుందన్నది కాదు, ఎవరికి ఎంత దక్కిందన్నదే అతని చింత.

దీనికి పూర్తిగా భిన్నమైనది ‘ఒయిషిన్బో’. కరియా తెత్సు రచనకు హనసాకి అకీరా బొమ్మలు వేశాడు. 1983లో మొదలై, పుస్తకాలుగా పదికోట్ల ప్రతులు దాటింది. యమఓకా అనే పత్రికా విలేఖరి తన తండ్రి కైబారాతో వంటల పోటీలకు దిగుతాడు. ఇందులో ముఖాలు సాదాగా వుంటాయి, వంటకాలు మాత్రం ఛాయాచిత్రాల్లా కళ్ళముందు నిలుస్తాయి. జపాన్ సంపన్నమైన కాలపు రచన యిది. ఇక్కడ తిండి ఆకలికి ప్రతీక కాదు, అభిరుచికి ప్రతీక. అయినా దీన్ని తోసిపుచ్చటం తొందరపాటు. పురుగుమందుల మీదా, కల్తీ మీదా అది నిర్మొహమాటంగా రాసింది. 2014లో ఫుకుషిమా అణుకేంద్రం చూసివచ్చిన పాత్రకు ముక్కునుంచి రక్తం కారినట్టు చూపితే ప్రభుత్వం నుంచే నిరసన వచ్చింది, ఆ తరవాత ధారావాహిక ఆగింది. దాని లోపం మరోచోట వున్నది. చెడ్డ తిండికి మందు మంచి నాలుక అని అది నమ్ముతుంది. నాలుక ఎంత మంచిదైనా, కొనే శక్తి లేనివాడికి దానివల్ల ఒరిగేదేమిటి?

మూడవ రకం ‘కొదొకు నో గురుమే’, ఒంటరి భోజనప్రియుడు. కుసుమి మసయుకి రాయగా తనిగుచి జిరో బొమ్మలు వేసిన ఈ కథలు 1994లో మొదలయ్యాయి. ఒక చిన్న వ్యాపారి పనిమీద ఊళ్ళు తిరుగుతూ, ఆకలి వేసినప్పుడు ఏదో ఒక హోటల్లో ఒక్కడే కూచుని తింటాడు. కథ అంతే. తనిగుచి గీత అద్భుతం. కాని చదువుతూంటే నాకు దిగులు కలిగింది. రోజంతా యితరుల పనికి అమ్ముడుపోయే మనిషికి తనది అనదగ్గది ఆ అరగంటే. పంచుకునే తోడు లేని ముద్ద అది. రచయితలు దీన్ని స్వేచ్ఛ అనుకున్నారేమో, నాకు మాత్రం ఒంటరితనం కనిపించింది.

‘వన్ పీస్’ మాటేమిటని విద్యార్థులు అడుగుతారు. 1997లో ఓదా ఎయిచిరో ప్రారంభించిన ఈ సముద్రపు దొంగల కథ కేవలం కల్పన. కాని అందులో ఒక ఘట్టం మరువరానిది. ఓడ పగిలి, సాంజి అనే కుర్రవాడూ, జెఫ్ అనే ముసలి దొంగా ఒక బండమీద చిక్కుకుంటారు. పెద్ద మూట ముసలివాడు దాచుకున్నాడని కుర్రవాడు పళ్ళు కొరుకుతాడు. తీరా చూస్తే అందులో వున్నది బంగారం. తిండి మొత్తం కుర్రవాడికే యిచ్చేశాడు. బంగారం తినటానికి పనికిరాదు! అర్థశాస్త్ర పాఠాలు ఎన్ని చెప్పినా ఈ మూటంత స్పష్టంగా చెప్పగలమా? పెద్దవాడై వంటవాడైన సాంజి, ఆకలితో వచ్చినవాడు శత్రువైనా అన్నం పెట్టి పంపుతాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. హిరోషిమా నగర విద్యామండలి తన శాంతివిద్యా పాఠంలో 2013 నుంచి గెన్ ఘట్టాలను వాడుతూ వచ్చింది. 2023లో వాటిని తొలగించింది. తొలగించిన వాటిలో ఈ చేప దొంగతనం వున్నది. నేటి పిల్లల జీవితానికి ఆ నేపథ్యం దూరమనీ, దొంగతనం అపార్థానికి దారితీస్తుందనీ చెప్పారు. పాఠానికి వుండే వ్యవధి ఎంత తక్కువో నాకు తెలుసు. కాని నేపథ్యం తెలియకపోతే చెప్పటానికే కదా ఉపాధ్యాయుడున్నది!

1947లో టోక్యో న్యాయస్థానానికి చెందిన యమగుచి యోషితదా అనే న్యాయమూర్తి, నల్లబజారులో తిండి కొనటం చట్టవిరుద్ధమని తాను మానుకుని, పౌష్టికాహారం లేక ప్రాణం వదిలాడు. చట్టం చెప్పినంత మాత్రమే తిన్నవాడి గతి అది. అంతకు ఏడాది ముందు, 1946 మే 19న, అన్నం కోసం లక్షలాది జనం చక్రవర్తి కోట ముందు చేరారు. పిల్లవాడి చేతిలోని చేపను ఈ రెండు సంఘటనల మధ్య పెట్టి చూడండి. అది దొంగతనమా కాదా అని అడగటం తేలిక. తల్లికి తిండి లేకుండా చేసిందెవరని అడగటమే కష్టం. ఆ రెండవ ప్రశ్నకు దారి యిచ్చే బొమ్మను తీసేశాక మిగిలే శాంతిపాఠం, యుద్ధం దానంతటదే వచ్చిపడ్డ ఉపద్రవమని చెబుతుంది.

గోధుమ కంకిని పాఠాల్లోంచి తీసెయ్యాలని ఎవరికీ అనిపించదు. ఓర్చుకోమనే ప్రతీక ఎవరికి చేదు? కనక ఈ కథల్ని చదివే విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. పళ్ళెంలో ఏమున్నదో చూసి ఆగకండి. అది ఎవరి చేతులమీదుగా వచ్చింది, ఎవరికి దక్కలేదు అని అడగండి. అడగటానికి వీలిచ్చే కథ బొమ్మల్లో వున్నా సాహిత్యమే.