కాలవాసురుడి ఒంట్లోని రంగులు

బాబిలోనియా మట్టి పలకల మీద ఒక కథ ఉంది. సముద్రరూపిణి తియామత్ పదకొండు భీకర జీవులను పుట్టించి దేవతల మీద యుద్ధానికి దిగుతుంది. వారిలో ఒకడైన మర్దుక్ ఆమెను చంపి, ఎండుచేపను చీల్చినట్టు రెండుగా చీలుస్తాడు. ఒక సగం ఆకాశమవుతుంది. ఆమె కళ్ళలోంచి టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు పారుతాయి. ఇది చదివినప్పుడల్లా నాకు మన కాలవాసురుడే గుర్తొస్తాడు.

కాలవాసురుడు పద్మశాలీల కులపురాణంలోని రక్కసుడు. మార్కండేయుడి యజ్ఞంలోంచి పుట్టిన భావనారుషి తామరతూళ్ళ నారతో దేవతలకు బట్ట నేశాడు. పులినెక్కి ఈ రక్కసుడితో పోరాడి చంపాడు. వాడి దేహం నుంచే రంగులు తీసి బట్టలకు అద్దాడని పద్మశాలీలు చెప్పుకుంటారు. అక్కడ తియామత్ ఒళ్ళు లోకమైంది, ఇక్కడ నేతగాడి రంగులగిన్నె అయింది. మగ్గం మీద బతికే జనం అల్లుకున్న కథ కదా, అలాగే ఉంటుంది మరి.

ఈ కథను కూనపులివారనే కథకులు ఊరూరా బొమ్మల పటం కట్టి చెప్పేవారు. ఆ పటాలు వేసేది చేర్యాల నకాషీ చిత్రకారులు. చేర్యాల జనగామ ప్రాంతపు ఊరు. 2016లో సిద్దిపేట జిల్లాలో కలిసింది. ఈ పటాల కళ ఎంత పాతదంటే, హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి భావనారుషి పటం ఉంది. గౌడులకు గౌడపురాణం, మాదిగలకు జాంబపురాణం, ఇలా ఏ కులం కథ ఆ కులానికుంది. చెప్పేవాళ్ళూ వేరే.

పటం పని గుడ్డతో మొదలవుతుంది. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అందులో గంజి, సుద్దమట్టి కలిపి ఖద్దరు గుడ్డకు మూడు పూతలు పూస్తారు. ఒక పూత బాగా ఆరాకే మరొకటి. తొందరపడితే గుడ్డ చుట్టినప్పుడు రంగు పెళ్ళలుగా రాలిపోతుంది. పటం బతికేదే చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాబట్టి అసలు విద్య ఈ పూతలోనే ఉందని నా నమ్మకం. తర్వాత ఉడుత వెంట్రుకల కుంచెతో నేరుగా గీత గీస్తారు. పాత పద్ధతిలో తెలుపు శంఖం నుంచి, నలుపు దీపపు మసి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, నీలం నీలిమందు నుంచి. వెనక నేలంతా ఎరుపు.

ఆ ఎరుపు మీద రక్కసుణ్ణి చూడాలి. గుడ్లు బయటికి పొడుచుకొచ్చి, పెదవుల సందున కోరలు, గుబురు మీసాలు. రాత్రిపూట దీపం వెలుగులో, వెనక వరుసలో కూర్చున్న పిల్లవాడికి కూడా వీడెవడో ఇట్టే తెలియాలి. నకాషీ గీత అంత మొరటుగా, అంత స్పష్టంగా ఉండటానికి కారణం అదే. దాన్ని చేతగానితనం అనుకునేవారు పటం ముందు కూర్చుని కథ విననివారు.

ఇప్పుడు కథకులు తగ్గిపోయారు. నలభై, అరవై అడుగుల పటం అడిగేవారు అరుదు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ గోడకు తగిలించుకోవడానికి ఎక్కువగా కొనేది బతుకమ్మ, బోనాలు, పొలం పనుల చిన్న బొమ్మలు. వాటిలో అందం ఉంది, కథ లేదు. ఈసారి చేర్యాల వెళితే భావనారుషి కథలోంచి ఒక ఘట్టం వేసిమ్మని అడగండి. కాలవాసురుణ్ణి మాత్రం వదిలేయొద్దని చెప్పండి.