పోయడం, నింపడం, పట్టించడం: విమాన ఇంజన్ ఆయిల్ విధాన వాక్యాలలో క్రియౌచిత్యం

వ్యాససంగ్రహం: తెలుగులో సాంకేతిక అనువాదాన్ని విమర్శించేటప్పుడు సాధారణంగా నామవాచకాలను, అంటే పారిభాషిక పదాలను, ప్రమాణంగా తీసుకుంటున్నాం. తేలికపాటి విమానపు కొత్త ఇంజన్‌ను మొదటిసారి నడపడానికి ముందు అందులో ఆయిల్ పోసి, అది లోపలి భాగాలన్నింటికీ అందేలా చేసే విధానాన్ని ఉదాహరణగా తీసుకుని, అటువంటి పాఠానికి ప్రాణం నామంలో కాక క్రియలోనూ, ఆ క్రియకు చెప్పిన అవధిలోనూ ఉంటుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సాంకేతిక అనువాదం, క్రియౌచిత్యం, కారకౌచిత్యం, వృత్తిపదజాలం, నిర్దేశ వాక్యం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో శాస్త్రసాంకేతిక రచనపై జరిగిన చర్చ చాలావరకు పదకల్పన చుట్టూ తిరిగింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలతో పాటు పారిభాషిక పదకోశాలను కూడా వెలువరించింది. అంతకు ముందే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ వృత్తికి చెందిన పదాలను ప్రజల వాడుక నుండి సేకరించింది. ఈ రెండు మార్గాల మధ్య, అంటే పదాన్ని కల్పించుకోవడమా, వాడుకలో వెతుక్కోవడమా అన్న విషయంలో, వాదోపవాదాలు నేటికీ సాగుతూనే ఉన్నాయి. అయితే ఇరుపక్షాల దృష్టీ ప్రధానంగా నామం మీదే నిలిచింది. వాక్యం గురించిన ఆలోచన తక్కువ.

అనువాద అధ్యయనం బోధించే తరగతి గదిలో కూడా ఇదే పరిస్థితి కనిపిస్తుంది. సాంకేతిక పాఠం ఇచ్చినప్పుడు విద్యార్థి మొదట వెతికేది పదకోశాన్ని. పదాలు దొరకగానే పని పూర్తయిందనుకుంటాడు. కథ విషయంలో ఇటువంటి అనువాదం మహా అయితే పేలవంగా ఉంటుంది. ఒక పనిని చేయించే పాఠం విషయంలో అది యంత్రాన్ని పాడుచేయవచ్చు, మనిషి చేతికి ముప్పు తేవచ్చు. అందువల్ల ఇటువంటి పాఠాన్ని సాహిత్య విమర్శ పరిధికి వెలుపలిదిగా భావించి వదిలివేయడం సమంజసం కాదు.

2. పరిశీలనకు ప్రమాణం:

క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో పదం, వాక్యం, రసం మొదలైన స్థానాలతో పాటు క్రియ, కారకం, కాలం వంటి వ్యాకరణాంశాలను కూడా ఔచిత్యస్థానాలుగా పేర్కొన్నాడు. ఆయన పరిశీలించినది కావ్యాన్ని. అయినా సరైన క్రియ లేనిచోట తక్కిన గుణాలు నిరుపయోగమనే దృష్టి కావ్యేతర పాఠానికి మరింత వర్తిస్తుంది. కావ్యంలో అనౌచిత్యం రసభంగానికి కారణమైతే, నిర్దేశ పాఠంలో అది కార్యభంగానికి కారణమవుతుంది. ఈ వ్యాసంలో క్రియౌచిత్యం, కారకౌచిత్యం అనే రెండు ప్రమాణాలను మాత్రమే స్వీకరిస్తున్నాను.

3. పాఠ్యవిషయం:

కొత్త ఇంజన్ లోపల క్రాంక్‌షాఫ్ట్ లోహం మీద లోహంగా తిరగదు. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య పంపు ఒత్తిడితో అందే పలుచని ఆయిల్ పొర మీద తిరుగుతుంది. ఎక్కువకాలం నిలువ ఉన్న లేదా కొత్తగా బిగించిన ఇంజన్‌లో ఆ పొర ఉండదు. ఆయిల్ కూలరు, ఫిల్టరు, గొట్టాలు గాలితో నిండి ఉంటాయి. ఆ స్థితిలో ఇంజన్‌ను నడిపితే, ఆయిల్ చేరేలోపు గడిచే కొద్ది సెకన్లలోనే బేరింగులు గీసుకుపోవచ్చు. అందువల్ల మొదటిసారి నడపడానికి ముందే, ఇంజన్ తన శక్తితో తిరగకుండా, ఆయిల్‌ను లోపలి మార్గాలన్నింటికీ చేర్చాలి.

ఇది అన్ని ఇంజన్లలో ఒకే తీరుగా జరగదు. సెస్నా 172 విమానపు అనేక నమూనాలలో కనిపించే లైకమింగ్ ఓ-320 ఇంజన్‌కు ఆయిల్ అడుగు తొట్టిలోనే ఉంటుంది. దాని సామర్థ్యం 8 అమెరికన్ క్వార్టులు, అంటే సుమారు 7.6 లీటర్లు. ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ 912 ఇంజన్‌కు ఆయిల్ వేరే ట్యాంకులో, సుమారు 3 లీటర్లు, ఉంటుంది. పంపు దానిని ట్యాంకు నుండి లాగుకుంటుంది. పని ముగించుకుని అడుగుకు జారిన ఆయిల్‌ను, పిస్టన్ల పక్కనుండి జారిన వాయువుల ఒత్తిడి తిరిగి ట్యాంకుకు నెడుతుంది. కనుక రోటాక్స్ ట్యాంకు నిండినంత మాత్రాన ఇంజన్‌కు ఆయిల్ అందినట్లు కాదు. ఈ తేడాయే భాషాసమస్యకు మూలం.

4. క్రియౌచిత్యం:

4.1. ఆంగ్లంలో ఈ పనికి వాడే మాటను ‘ప్రైమింగ్’ అని యథాతథంగా తెచ్చుకుంటే ఏమవుతుంది? తెలుగు పాఠకుడికి ప్రైమర్ అంటే గోడకు రంగుకు ముందు వేసే పూత. విమాన శిక్షణ పొందేవాడికి అది చల్లటి ఇంజన్‌ను రాజేయడానికి ముందు లోపలికి కొద్దిగా పెట్రోలు పంపే ఏర్పాటు. “ఇంజన్‌ను ప్రైమ్ చేయండి” అన్న వాక్యాన్ని అతడు రెండవ అర్థంలోనే గ్రహిస్తాడు. పెట్రోలు మోతాదు మించితే సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగివేస్తుంది. అంటే ఒకే మాట, ఆశించిన ఫలితానికి సరిగ్గా వ్యతిరేకమైన పనిని కూడా సూచిస్తుంది. పదం తెలిసినదిగా ఉండటం వల్లనే ఇక్కడ ప్రమాదం ఏర్పడుతోంది.

4.2. ‘ఆయిల్ నింపడం’ అన్న అనువాదం తేలికగా అర్థమవుతుంది. కాని నింపడం అనే క్రియ పాత్రతో ముగుస్తుంది. కుండ నిండితే నింపడం పూర్తవుతుంది. లైకమింగ్ తొట్టి నిండినా, రోటాక్స్ ట్యాంకు నిండినా బేరింగు పొడిగానే ఉండవచ్చు. ‘పోయడం’ అన్న క్రియ ఇంకా ముందే ఆగిపోతుంది. దీపంలో చమురు పోసినవాడి పని పోయడంతోనే తీరుతుంది. తరువాతి పని వత్తిది.

4.3. తెలుగులో నూనెకు సంబంధించి మరొక క్రియ ఉంది. తలకు నూనె రాయడం వేరు, పట్టించడం వేరు. రాయడం పైపూతతో ముగుస్తుంది. పట్టించడం అంటే నూనె కుదుళ్లలోకి ఇంకేవరకు మర్దించడం. చూడవలసినది చేతిలోని నూనె ఎంత అయిపోయిందని కాదు, అది చేరవలసిన చోటికి చేరిందా అని. ఇంజన్ విషయంలో కోరుకుంటున్నదీ ఇదే. ‘ఆయిల్ పట్టించడం’ అనే మాట పనిని, దాని గమ్యాన్ని కలిపి చెబుతుంది.

దీనికి వ్యతిరేకార్థం కూడా మెకానిక్కుల నోట సిద్ధంగా ఉంది. డీజిల్ అయిపోయేదాకా నడిపిన ఇంజన్ మళ్లీ రాజుకోకపోతే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. అప్పుడు చేసే పని ‘ఎయిర్ తీయడం’. విమాన ఇంజన్‌లో జరిగేదీ సూత్రంలో ఇదే. మార్గంలోని గాలిని తీసి, ఆ స్థానంలో ద్రవాన్ని చేర్చడం. ఎయిర్ పట్టడం, ఆయిల్ పట్టడం అనే రెండు స్థితులను ఒకే ధాతువుతో చెప్పగలగడం తెలుగుకు అమరిన సౌలభ్యం. దీనికి కొత్తగా సమాసం కల్పించవలసిన అవసరం లేదు.

4.4. ఇక నామం సంగతి. ‘కందెన’ బండి ఇరుసుకు ముడిపడిన అచ్చమైన మాట. అయితే అది చిక్కని పూతను స్ఫురింపజేస్తుంది గాని పారే ద్రవాన్ని కాదు. ‘తైలం’ వైద్యాన్ని గుర్తుకు తెస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సిలిండర్లు సైతం గిర్రున తిరిగే విమాన ఇంజన్లకు ఆముదాన్నే వాడారు. నాటి ఇంజన్ గురించి రాసేటప్పుడు ‘ఆముదం’ అన్నదే యథార్థం. నేటి ఇంజన్‌కు ‘ఆయిల్’ అన్న వాడుకమాట చాలు. కాని ‘ఆయిల్’ అనగానే అన్నీ ఒకటే అనిపించకూడదు. చాలా లైకమింగ్ నమూనాలకు మొదటి 50 గంటలు, లేదా ఆయిల్ ఖర్చు నిలకడకు వచ్చేవరకు, పిస్టన్ రింగులు కుదురుకోవడానికి కలపని మినరల్ ఆయిల్ వాడతారు. రోటాక్స్ 912లో గేర్‌బాక్సు, దానిలోని క్లచ్ కూడా అదే ఆయిల్‌లో పనిచేస్తాయి. అందువల్ల మామూలు విమాన ఆయిల్ దానికి తగదు. ఇక్కడ నామం కంటే విశేషణానికే బాధ్యత ఎక్కువ.

5. కారకౌచిత్యం:

ఆంగ్లపాఠపు కర్మణి వాక్యాలను అనుసరించి “స్పార్క్ ప్లగ్గులు తొలగింపబడాలి, ప్రొపెల్లరు తిప్పబడాలి” అని రాయడం మన సాంకేతిక గద్యానికి అలవాటైంది. ఈ వాక్యాలలో కర్త లేడు. కర్త లేనిచోట బాధ్యతా లేదు. అంతకంటే ముఖ్యంగా, రెండు పనుల మధ్య గల పూర్వాపర సంబంధం తెగిపోతుంది. అవి ఒక జాబితాలోని రెండు అంశాలుగా మిగులుతాయి.

తెలుగు క్త్వార్థకం ఈ లోటు తీరుస్తుంది. “ప్రతి సిలిండరు నుండి ఒక ప్లగ్గు తీసి, ప్రొపెల్లరును అది మామూలుగా తిరిగే దిశలోనే చేతితో తిప్పండి” అన్నప్పుడు, తీయకుండా తిప్పకూడదన్న నియమం వ్యాకరణంలోనే ఇమిడిపోతుంది. ఆ వరుసకు కారణం ఉంది. ప్లగ్గు తీస్తే సిలిండరులో గాలి నొక్కుకోదు, ఇంకా పొడిగా ఉన్న బేరింగు మీద భారం పడదు. దిశకూ కారణం ఉంది. వెనక్కు తిప్పితే ఆయిల్ మార్గంలోకి గాలి చొరబడి, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే వాల్వు టాపెట్లలో చేరవచ్చు. కారణం చెప్పని నిర్దేశాన్ని తొందరలో ఉన్నవాడు వదిలివేస్తాడు. ‘కనుక’ అన్న ఒక్క మాట ఇక్కడ అలంకారం కాదు, రక్షణ.

6. అవధి, నిషేధం:

6.1. “ప్రెషర్ కనిపించేవరకు తిప్పండి” అన్న వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమైనది. అయినా అసంపూర్ణం. కనిపించకపోతే ఏమి చేయాలన్న ఆకాంక్ష తీరలేదు. లైకమింగ్ ఇంజన్‌ను స్టార్టరుతో తిప్పేటప్పుడు ఈ ‘వరకు’కు హద్దు లేకపోతే స్టార్టరు మోటారు వేడెక్కి చెడిపోతుంది. ఆ తరువాత ఇంజన్ నడవడం మొదలైనప్పుడు కూడా ఈ లోపం కొనసాగకూడదు. లైకమింగ్ విషయంలో 30 సెకన్లలోపు, రోటాక్స్ 912 విషయంలో 10 సెకన్లలోపు ఆయిల్ ప్రెషర్ చూపకపోతే ఇంజన్‌ను ఆపివేయాలి. కాబట్టి ‘వరకు’ వచ్చిన ప్రతిచోటా దాని వెంటే ఒక చేదర్థకం రావాలి: “చూపకపోతే ఆపండి.”

6.2. చేదర్థకం క్రియకు ముందే రావడం తెలుగు వాక్యస్వభావం. ముందు నియమం, తరువాత పని. హెచ్చరికకు కావలసిన క్రమం ఇదే. “ప్రొపెల్లరు తిప్పకండి, ఇగ్నిషన్ ఆపి ఉంటే తప్ప” అని ఆంగ్లక్రమంలో రాయడం తెలుగు సహజంగా ఇచ్చే రక్షణను వదులుకోవడమే.

6.3. ‘ఆపడం’ అన్న క్రియను కూడా ఇక్కడ అనుమానించాలి. ఇంటిలో స్విచ్ ఆపితే విద్యుత్ మార్గం తెగుతుంది. విమాన మాగ్నెటోలో జరిగేది దీనికి విరుద్ధం. స్విచ్ ఆఫ్ చేసినప్పుడు ఒక తీగ మాగ్నెటోను ఇంజన్ లోహానికి కలిపి దాన్ని పనిచేయనివ్వకుండా చేస్తుంది. ఆ తీగ తెగి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో సజీవంగానే ఉంటుంది. చేతితో తిప్పిన ప్రొపెల్లరు ఉన్నట్టుండి తనంతట తానే తిరగవచ్చు. అందువల్ల “ఇగ్నిషన్ ఆపండి” అన్నది చాలదు. “ఆపినా, అది ఇంకా పనిచేస్తున్నట్లే భావించి మెలగండి” అని చేర్చాలి. ఇది మూలపాఠంలో ఏ పదానికీ అనువాదం కాదు. పాఠకుడి పూర్వజ్ఞానం తప్పుదారి పట్టించేచోట అనువాదకుడు నెరవేర్చవలసిన ధర్మం.

7. ఒక ఆక్షేపణ:

విమానయానం ఆంగ్లంలో నడిచే వృత్తి, తయారీదారు ఇచ్చిన పుస్తకమే ప్రమాణం, తెలుగు పాఠంతో పనేమిటి అన్న ప్రశ్న సహేతుకమే. పని చేసేచోట తయారీదారు పాఠానికి ప్రత్యామ్నాయం లేదు, ఉండకూడదు. అయితే ప్రమాణపాఠాన్ని చదవడం వేరు, గ్రహించడం వేరు. తెలుగు మాధ్యమంలో చదివి ఈ వృత్తిలోకి వచ్చే విద్యార్థి ఆంగ్లవాక్యాన్ని మనసులో తెలుగులోకి మార్చుకునే గ్రహిస్తాడు. ఆ అనువాదం ఎవరూ దిద్దనిది. అతడి మనసులో ‘నింపడం’ ఉందా, ‘పట్టించడం’ ఉందా అన్నదానిని బట్టి అతడి చెయ్యి ఎక్కడ ఆగుతుందో నిర్ణయమవుతుంది. తరగతి గదిలో మనం దిద్దగలిగినది ఆ క్రియనే.

8. ముగింపు:

పై పరిశీలనను ఒక నమూనాగా క్రోడీకరించవచ్చు. ఇది రోటాక్స్ తరహా ఇంజన్‌ను దృష్టిలో ఉంచుకున్న భాషా ఉదాహరణ మాత్రమే, కార్యసూచిక కాదు: “ఇగ్నిషన్ ఆపి, ఆపినా అది పనిచేస్తున్నట్లే జాగ్రత్తపడుతూ, ప్రతి సిలిండరు నుండి ఒక ప్లగ్గు తీయండి. ట్యాంకులో ఆయిల్ పోయండి. ట్యాంకు నిండినా ఇంజన్‌కు ఇంకా ఆయిల్ పట్టలేదు, కనుక ప్రొపెల్లరును మామూలు దిశలోనే చేతితో తిప్పుతూ గేజీలో ప్రెషర్ కనిపించేవరకు ఆయిల్ పట్టించండి. కనిపించకపోతే ఇంజన్‌ను నడపకండి. గాలి ఎక్కడ నిలిచిందో చూడండి.”

ఈ పాఠంలో ఇంజన్, ఇగ్నిషన్, సిలిండరు, గేజీ వంటి నామాలు చాలావరకు అరువు తెచ్చుకున్నవే. క్రియలు మాత్రం తెలుగువి. తీయడం, పోయడం, నిండడం, పట్టడం, తిప్పడం, పట్టించడం అనే ఆరు క్రియలు ఆ పనిని మొదటినుండి చివరివరకు నడిపించాయి. సాంకేతిక తెలుగు నాణ్యతను అందులోని సంస్కృత సమాసాల సంఖ్యతోనో, ఆంగ్లపదాల శాతంతోనో కొలిచే పద్ధతిని పునరాలోచించవలసి ఉంది. ఏ పని ముందు, ఏది తరువాత, ఏ గుర్తు కనబడితే చాలు, కనబడకపోతే ఏమిటి అన్న నాలుగు ప్రశ్నలకు వాక్యం సమాధానం చెబుతున్నదా అన్నదే ఇటువంటి పాఠానికి తగిన కొలమానం. వృత్తిపదకోశాలను ఇకముందు సమకూర్చేవారు నామాలతో పాటు, వాటితో కలిసి నడిచే క్రియలనూ సేకరించగలిగితే ఈ కొలమానానికి నిలిచే గద్యానికి పునాది ఏర్పడుతుంది.